ఆదివారం మందు కొట్టని తోట

శనివారం సాయంత్రం మా తోటలో మందు కలిపే డ్రమ్ములు కడిగి బోర్లించేవాళ్ళం. సోమవారం పొద్దున దాకా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. ఇంట్లోనూ అంతే. ఆదివారం కూరకి ముక్కలు శనివారమే తరిగి పెట్టుకోవాలి. ఇస్త్రీ శనివారమే అయిపోవాలి. పేపరు గుమ్మంలో పడ్డా సోమవారం దాకా మడత విప్పకూడదు. ఆగిరిపల్లి వైపు మా తోట పక్కన తోట ఉన్న ఆసామికి ఇదంతా పెద్ద వేడుక. "ఆదివారం వాళ్ళ చెట్లకి కూడా సెలవేనంట, ఆ రోజు కాయ ఎదగదంట" అని టీ కొట్టు దగ్గర అందరి ముందూ అనేవాడు. మా ఆయన నవ్వేవారు. నేను నవ్వేదాన్ని కాదు. నాకు కోపం ముక్కు మీదుంటుందని కాలేజీలో పిల్లలు చెప్పుకుంటారు, అబద్ధమేమీ కాదు.

ఈ పద్ధతి మా మామగారు పెట్టింది. ఆయన ఒకప్పుడు వేరే వాళ్ళ తోటలో కాపలా మనిషి. ఆ పనికి ఆదివారం లేదు. కోతల రోజుల్లో మందిరం గంట వినబడుతుంటే చెట్టు మీద ఉండి కాయలు కోసేవారట. దిగి వెళ్తే సోమవారం పని ఉండేది కాదు. నడివయసులో కాస్త భూమి చేతికొచ్చాక బంగినపల్లి, కలెక్టరు మామిడి మొక్కలు వేశారు, గట్టు వెంబడి చిన్నరసాలు వేశారు. మొదటి ఆదివారం తోటకి తడిక అడ్డం పెట్టి, ఉతికిన పంచె కట్టుకుని, పొద్దున్నే వెళ్ళి మందిరంలో ముందు వరసలో కూర్చున్నారట. "భూమి మనదని ఆ రోజు తెలిసిందమ్మా నాకు. పట్టా ఇచ్చిన రోజున కాదు" అని నా పెళ్ళైన కొత్తలో చెప్పారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆదివారం గురించి నేను ఎవరితోనూ వాదించలేదు.

నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. రెండో సంవత్సరం పిల్లలకి జీవపరిణామం పాఠం ఉంటుంది. దాన్ని ఒక్క పేరా వదలకుండా చెబుతాను. దానికి మార్కులున్నాయి, నాకు జీతముంది. నా నమ్మకం మాత్రం వేరు. దేవుడు నోటి మాటతో లోకాన్ని చేశాడనీ, ఏ జాతికి ఆ జాతిగా ప్రాణుల్ని పుట్టించాడనీ, మనిషిని తన చేత్తో చేశాడనీ నమ్ముతాను. చిన్నప్పుడు ఎవరో నూరిపోశారని కాదు, ఎమ్మెస్సీ చదివాక కూడా నమ్ముతాను. ఒక ఏడు ఒకమ్మాయి లేచి, "మేడం, మీరు చర్చికెళ్తారు కదా, ఇదంతా నమ్ముతారా?" అనడిగింది. క్లాసంతా నా మొహం వైపే చూసింది. "పరీక్షలో నా నమ్మకం అడగరమ్మా, పుస్తకంలో ఉన్నది అడుగుతారు. నా నమ్మకం కావాలంటే ఆదివారం రా, టీ కూడా ఇస్తాం" అన్నాను. కొత్త ల్యాబుకి తలుపు తియ్యడానికి రాహుకాలం చూసిన ఫిజిక్స్ మాష్టారు స్టాఫ్ రూములో నన్ను ఛాందసురాలు అనేవారు. ఆయన అలా అన్నప్పుడల్లా నాకు నవ్వాపుకోవడమే సరిపోయేది.

రాజకీయాల్లోనూ నాది పాత లెక్కే. ఓటు వెయ్యాలి. పన్ను కట్టాలి. ఏలే వాళ్ళ కోసం, వాళ్ళు ఏ పార్టీ అయినా సరే, ప్రార్థన చెయ్యాలి. మందిరంలో వాక్యం చెప్పే చోటు మాత్రం వాళ్ళకి ఇవ్వకూడదు. మా ఆయనదీ ఇదే మాట. ఆయన సంఘ పెద్ద. నెలకొకసారి, మొదటి ఆదివారం, మా సంఘంలో ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం ఉన్న పళ్ళేలు వరసల్లోకి తీసుకెళ్ళి అందరికీ అందించేది ఆయనే. చివరికి ముందుకొచ్చి తన ముక్క తను తీసుకునేవారు. మామగారు పోయాక వచ్చిన బాధ్యత అది. తోట ఎలా వచ్చిందో అదీ అలాగే వచ్చిందని అనుకునేవారు.

ఆ ఏడు పూత విరగబూసింది. చలి బాగా పడింది, మంచు తక్కువ. తోటలోకి అడుగుపెడితే తేనెటీగల మోతకి మాట వినబడేది కాదు. అప్పుడే నల్ల తామర పురుగు సంగతి మొదలైంది. మిరప చేలని తిని మామిడి మీద పడిందన్నారు. ఉద్యానశాఖ వాళ్ళు ఆగిరిపల్లిలో షామియానా వేసి మీటింగు పెడితే ఇద్దరం వెళ్ళాం. నుదుటన కుంకుమ బొట్టు పెట్టుకున్న శాస్త్రవేత్త ఒకాయన, తెల్ల కాగితం పూత గుత్తి కింద పట్టి మెల్లగా తట్టమని చేసి చూపించారు. కాగితం మీద నల్ల నలుసులు కదిలితే ఇక ఆలస్యం చెయ్యొద్దన్నారు. "కొడితే కచ్చితంగా పోద్దా సార్?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. "చెప్పేది మేం చెప్తాం, కొట్టేది మీరు కొట్టండి, ఆపైన ఆ వెంకన్న దయ" అన్నారాయన. అందరూ నవ్వారు. మా ఆయన నన్ను మోచేత్తో పొడిచి, "మీ సైన్సాయన కూడా పైకే చూపిస్తున్నాడే" అన్నారు.

తిరిగి వస్తుంటే స్కూటరు మీద నేను పాఠం అందుకున్నాను. ఒకే మందు మళ్ళీ మళ్ళీ కొడితే బలహీనమైనవి చస్తాయి, తట్టుకున్నవి మిగిలి పిల్లల్ని పెడతాయి, కొన్నాళ్ళకి ఆ మందు పనిచెయ్యదు అని చెప్పాను.

"అంటే పరిణామమా మేడం గారూ?" అన్నారు.

"పురుగు పురుగుగానే ఉంటుందండీ. మొండిదవుతుంది, అంతే."

"మనుషులూ అంతేలే" అన్నారు. నేను ఆయన వీపు మీద ఒకటి వేశాను. ఆ ఏడు మేం ఇద్దరం మనసారా నవ్వుకున్నది అదే చివరిసారి.

ఒక శనివారం సాయంత్రం కాలేజీ నుంచి నేరుగా తోటకి వెళ్ళాను. సంచిలో పరీక్ష పేపర్ల తాలూకు తెల్ల కాగితాలున్నాయి. బంగినపల్లి గుత్తి కింద ఒకటి పట్టి తట్టాను. నలుసులు రాలాయి. రాలి కదిలాయి. ఇంకో చెట్టు, ఇంకో చెట్టు చూశాను. మా ఆయన వచ్చి కాగితం వైపు చూసి ఫోను తీశారు. మామగారు వేసిన చెట్లు ఎత్తైనవి. మా చేతి పంపు కింది కొమ్మలకే అందుతుంది, పై కొమ్మలకి ట్రాక్టరు స్ప్రేయరు కావాలి. చుట్టుపక్కల తోటలన్నిటికీ తిరిగే ట్రాక్టరు అది. రేపు తెల్లారి ఖాళీ ఉంది, కాదంటే మళ్ళీ గురువారమే అన్నాడు ఆ మనిషి. మా ఆయన గురువారం రమ్మన్నారు.

నేను ఊరుకోలేదు. "గుంటలో పడ్డ ఎద్దుని విశ్రాంతి దినాన పైకి లాగొచ్చని ప్రభువే అన్నారు కదండీ."

"ఎద్దుకైతే ప్రాణం పోద్ది. మనకి పోయేది కాయేగా."

"ఏడాది పంటండీ."

"నాన్న ఆదివారం నిచ్చెన ఎక్కాల్సొచ్చేది, తప్పించుకోలేక. నాకెవరూ ఎక్కమని చెప్పట్లేదు. మరి నేనెందుకెక్కాలి?" అన్నారు.

నాకు నచ్చింది ఆ మాట. భర్త మాట కదా అని సర్దుకోలేదు, నిజంగానే నచ్చింది. డ్రమ్ములు కడిగి బోర్లించి ఇంటికొచ్చాం. రేపు మొదటి ఆదివారం, బల్ల ఉంది. రొట్టె ముక్కలు కొయ్యడం నా వంతు. వంటింట్లో కూర్చుని అంచులు తీసేసి చిన్నగా కోస్తుంటే పాస్టరు గారి ఫోనొచ్చింది. మా ఆయన స్పీకరు పెట్టారు.

"పెద్దాయనా, రేపు మన ప్రాంత నాయకుడు గారు మందిరానికి వస్తానంటున్నారు. ఎలక్షన్లు కదండీ. అయిదే అయిదు నిమిషాలు. సమాధుల తోటకి గోడ కట్టిస్తానని అందరి ముందూ చెప్తారంట."

పాస్టరు గారిని నేను చెడ్డవారని అనను, అప్పుడూ అనలేదు. అంతకు ముందే మా సంఘంలో ఒక ముసలామె చనిపోతే, సమాధుల తోటకి వెళ్ళే దారి మాదని కొందరు అడ్డం నిలబడ్డారు. ఎండలో శవపేటిక దించి కూర్చున్నాం. ఆ రోజు పాస్టరు గారు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చేతులు పట్టుకుని బతిమాలారు. "కాలం బాగోలేదండీ, మనకంటూ ఒక అండ ఉండాలి కదా" అని ఫోనులో అంటుంటే ఆ గొంతులో నిజంగా భయం ఉంది. మామగారూ అత్తగారూ ఆ సమాధుల తోటలోనే ఉన్నారు. "అయిదు నిమిషాలేగా" అన్నారు మా ఆయన చివరికి.

పొద్దున మందిరం నిండిపోయింది. ఎప్పుడూ రాని వాళ్ళు వచ్చారు. వాకిట్లో కార్లు ఆగాయి. నాయకుడు గారికి శాలువా కప్పాల్సింది సంఘ పెద్దే కాబట్టి మా ఆయనే కప్పారు. నాయకుడు గారు మైకు అందుకుని, చిన్నప్పుడు మిషను బళ్ళో చదువుకున్నాననీ, ప్రభువు తనకి బాగా కావలసిన వాడేననీ మొదలుపెట్టారు. ఆయన వెనక బల్ల మీద నేను కోసిన రొట్టె, పాస్టరమ్మ గారు కాచిన ద్రాక్షరసం తెల్ల గుడ్డ కింద ఉన్నాయి. అయిదు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. అవతలి పార్టీని తిట్టడం మొదలైంది. ఆడవాళ్ళ వైపు నుంచి నేను మా ఆయన్ని చూస్తున్నాను. ఆయన నేల వైపు చూస్తున్నారు. ఆఖరికి నాయకుడు గారు, ఆ స్థలమేదో ఇప్పుడే చూసేద్దాం పదండి అన్నారు. పాస్టరు గారు మైకు తీసుకుని, "సార్ గారికి టైము లేదు, అందరం కలిసి వెళ్దాం. బల్ల వచ్చే వారం ఆచరిద్దాం" అన్నారు.

జనం లేచారు. హద్దులు తెలిసినవారు కాబట్టి మా ఆయన ముందు నడవాల్సి వచ్చింది. సమాధుల తోటలో ఫోటోలు తీశారు. ఫోటో కోసం నాయకుడు గారు ఒక కాలు మా మామగారి సమాధి అంచు మీద పెట్టి నిలబడ్డారు, ఆయనకి తెలియదు పాపం. నేను చూశాను, మా ఆయన కూడా చూశారు. దూరంగా మా పక్క తోటలో ట్రాక్టరు స్ప్రేయరు మోత వినబడుతోంది. మేం వద్దంటే ఆ ట్రాక్టరు పక్క ఆసామికి దొరికింది.

ఇంటికొచ్చాక మా ఆయన చొక్కా కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుండిపోయారు. నేను మందు సంగతే ఆలోచిస్తున్నారనుకుని, "పొద్దున్నే కొట్టించాల్సిందేమోనండీ" అన్నాను.

"అది కాదు" అన్నారు. "పంట పోతుందన్నా ఆదివారం వదలనన్నాను. ఆయనొచ్చేసరికి బల్లనే ఆపేశాను. వెళ్ళి నాన్న సమాధి ముందే నిలబడ్డాను" అన్నారు. నేను అన్నం పెట్టాను. తినలేదు.

సోమవారం ఇద్దరం కలిసి చేతి పంపుతో కింది కొమ్మలకి కొట్టాం. గురువారం ట్రాక్టరు వచ్చింది, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. పై కొమ్మల మీద పూత అప్పటికే గోధుమ రంగుకి తిరిగింది. వారం తిరిగేసరికి ముట్టుకుంటే పొడి రాలేది. పక్క ఆసామి తోటలో సగానికి పైగా పూత నిలబడింది. ఆయన గట్టు మీద నిలబడి మా చెట్లు చూశాడు కానీ ఒక్క పరిహాసం కూడా ఆడలేదు. ఆడి ఉంటే బాగుండేది, నాకు కనీసం కోపమైనా వచ్చేది.

నాకు కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. అదే నాకు అర్థం కాలేదు. పన్ను పీకే ముందు సూది మందు ఇచ్చాక బుగ్గ మనదో కాదో తెలియనట్టు ఉండేది. క్లాసుకి వెళ్ళేదాన్ని, పాఠం చెప్పేదాన్ని, వంట చేసేదాన్ని. ప్రార్థనలో మాటలు వాటంతట అవే వచ్చేవి. మనసు మాత్రం వెంట వచ్చేది కాదు.

వాయిదా పడ్డ బల్ల తర్వాతి ఆదివారం జరిగింది. పాత రొట్టె ఎండిపోయింది, పాస్టరమ్మ గారు దాన్ని ఏం చేశారో నేను అడగలేదు. కొత్తది కోసిచ్చాను. మా సంఘంలో బల్లకి ముందు ఒక హెచ్చరిక చదువుతారు, తన్ను తాను పరీక్షించుకోకుండా తీసుకోవద్దని. ఎన్నో ఏళ్ళుగా వింటున్నదే. మా ఆయన పళ్ళెం తీసుకుని వరసల్లోకి వచ్చారు. అందరికీ ఇచ్చారు. నాకూ ఇచ్చారు. ముందుకి వెళ్ళి మిగిలిన ముక్కలతో పళ్ళెం బల్ల మీద పెట్టేసి, తన ముక్క తీసుకోకుండా వచ్చి కూర్చున్నారు. ద్రాక్షరసం దగ్గరా అంతే. పాస్టరు గారు చూసి, ముగింపు ప్రార్థన చేశారు. ఆ తర్వాతి నెల కూడా అంతే. మూడో నెల నుంచి, తను తిననిది ఇంకొకరికి పెట్టడం బాగోలేదని, పళ్ళెం మోసే పని కూడా ఇంకొకరికి అప్పజెప్పేశారు. బల్ల రోజున వెనక వరసలో కూర్చునేవారు, పళ్ళెం వస్తే పక్కవాళ్ళకి దాటించేవారు.

ఊళ్ళో మాటలకి కొదవ లేదు. దేవుడి శిక్ష అన్నవాళ్ళు కొందరు, నమ్మకానికి పరీక్ష, శోధన అన్నవాళ్ళు కొందరు, ఆదివారం పిచ్చికి తగిన శాస్తి అన్నవాళ్ళు కొందరు. నాయకుడిని పిలిచింది ఎవరంటే మాత్రం అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం. ఒకరోజు మా ఆయన అడిగారు, "నువ్వు చదువుకున్నదానివి కదా, చెప్పు. ఆ పురుగుని దేవుడే పంపాడంటావా?"

ఆ పురుగు ఎక్కడ గుడ్లు పెడుతుందో, ఎంత త్వరగా పెరుగుతుందో నాకు తెలుసు. దానికి ఆదివారం తెలియదు, పార్టీ తెలియదు, మా ఊరూ తెలియదు. అది దేవుడి చేతిలో లేదని కూడా నేను అనలేను. "నాకు తెలియదండీ" అన్నాను. ఆయన తలూపారు.

పాస్టరు గారు ఒకసారి ఇంటికొచ్చారు. మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, "నేను తప్పు చేశాననుకుంటున్నారా పెద్దాయనా?" అనడిగారు.

"మీ సంగతి నాకు తెలీదండీ. నేను చేశాను" అన్నారు మా ఆయన.

"క్షమాపణ అడిగితే క్షమిస్తాడు కదండీ ఆయన. మీరే ఎంతమందికి చెప్పలేదు?"

"క్షమించాడండీ. అదేం అనుమానం లేదు. నాకే చెయ్యి చాపాలంటే రావట్లేదు" అన్నారు. పాస్టరు గారు ప్రార్థన చేసి వెళ్ళిపోయారు.

ఎండాకాలం వచ్చింది. మా తోటలో కోతకి మనుషులు రాలేదు, ఎండుగడ్డి పరిచి కాయలు పేర్చే పాకలో కుక్కలు పడుకున్నాయి. మా సంఘంలో ప్రతి ఏడూ తొలి కాయలు బుట్టలతో తెచ్చి బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేలం వేస్తారు, ఎవరు పాడుకుంటే వాళ్ళు తీసుకెళ్తారు. ముందురోజు పక్క ఆసామి మా ఇంటికి ఒక బుట్ట బంగినపల్లి పంపాడు. "గుడికి పట్టుకెళ్ళండి. ఆదివారం మందు కొట్టిన కాయ, మీ దేవుడు తీసుకుంటాడో లేదో అడగండి" అని మనిషితో కబురు చేశాడు. మా ఆయన నవ్వారు, చాన్నాళ్ళకి. గుడికి మాత్రం తీసుకెళ్ళలేదు. ఇద్దరం ఇంట్లోనే తిన్నాం, తియ్యగానే ఉన్నాయి.

నాయకుడు గారు గెలిచారు. సమాధుల తోట దగ్గర శిలాఫలకం వచ్చింది, గోడ రాలేదు. చుట్టుపక్కల కొందరు మామిడి కొట్టేసి పామాయిల్ వేసుకున్నారు. మమ్మల్నీ వేసుకోమన్నారు. మా ఆయన అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

మళ్ళీ పూత కాలం వచ్చింది. కిందటేడంత లేదు కానీ పూసింది. అప్పుడే స్థానిక ఎన్నికల మాట మొదలైంది, నాయకుడు గారు మళ్ళీ మందిరానికి వస్తానన్నారు. మళ్ళీ మొదటి ఆదివారమే. పాస్టరు గారు ఫోను చేస్తే మా ఆయన మెల్లగానే చెప్పారు. "రమ్మనండి, అందరిలాగే కూర్చుంటారు. వాక్యం వింటారు, మంచిదే. మైకు మాత్రం వద్దండీ. చెప్పుకోవాలంటే బల్ల అయ్యాక బయట చెప్పుకోమనండి." మిగతా పెద్దలు కూర్చుని వేరేగా నిర్ణయించుకున్నారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని ఒకాయన నా ముందే అన్నాడు.

ఆ శనివారం సాయంత్రం నేను ఒక్కదాన్నే తోటలోకి వెళ్ళి కాగితం పట్టాను. మా ఆయన గట్టు అవతల తడిక కట్టుకుంటున్నారు. గుత్తి తట్టగానే నలుసులు రాలాయి, కదిలాయి. కాగితం మడిచి సంచిలో పెట్టేసుకున్నాను. ఆయనకి చెప్పలేదు. చెబితే మళ్ళీ ఆదివారం వద్దంటారేమోనని ఒక భయం, ఈసారి సరే కొట్టించేద్దాం అంటారేమోనని అంతకంటే పెద్ద భయం. పూత పోతే పోనీ, ఆయన మళ్ళీ ఆ కుర్చీలో అలా కూర్చోవడం నేను చూడలేను. ఇంటికొచ్చి రొట్టె కోశాను.

ఆదివారం నాయకుడు గారు వచ్చారు. ఈసారి శాలువా ఇంకొకరు కప్పారు. మైకులో ఆయన ప్రసంగం అయ్యాక, బయట షామియానా కింద పులిహోర పొట్లాలు ఉన్నాయి, అందరూ రావాలి అని ఆయన మనుషులు పిలిచారు. జనం మెల్లగా ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. మోకాళ్ళు పట్టేసి లేవలేని ముసలమ్మలు, వాళ్ళని పట్టుకొచ్చిన కోడళ్ళు, నేను మిగిలాం. మగవాళ్ళ వైపు మా ఆయన ఒక్కరే. పాస్టరు గారు వాకిలి వైపు చూశారు. బల్ల వైపు చూశారు. బయటి నుంచి ఎవరో ఆయన్ని పిలుస్తున్నారు.

మా ఆయన వెనక వరసలోంచి లేచి నడిచి వెళ్ళారు. బల్ల మీది తెల్ల గుడ్డ రెండు చేతులతో తీసి, మడత పెట్టి పక్కన పెట్టారు. ఆ తర్వాత బల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. పాస్టరు గారు వెళ్ళి వాకిలి తలుపు దగ్గరగా వేసి, వచ్చి బల్ల వెనక నిలబడ్డారు. హెచ్చరిక చదివారు. రొట్టె విరిచి ముందుగా మా ఆయన ముందుకి పళ్ళెం చాపారు.

మా ఆయన తీసుకున్నారు. నోట్లో పెట్టుకున్నారు. తర్వాత పళ్ళెం తీసుకుని ముసలమ్మల దగ్గరికి వచ్చి, వంగి, ఒక్కొక్కరికీ అందించారు. నా దగ్గరికీ వచ్చారు. ఈ రోజు కోసం నేను ఏడాది పాటు ప్రార్థన చేశాను. ముక్క తీసుకుని మింగాను, ద్రాక్షరసం తాగాను, తియ్యగా ఉందని తెలిసింది. సంతోషం ఏదైనా వస్తుందేమోనని చూశాను. రాలేదు. బయట పులిహోర పొట్లాల దగ్గర ఎవరో గట్టిగా నవ్వుతున్నారు.

బయటికొచ్చాక ఆయన స్కూటరు తీస్తూ, "రేపు కాలేజీకి సెలవు పెట్టు. మన పంపుతో కింది కొమ్మలకి కొట్టేద్దాం" అన్నారు.

"దేనికండీ?"

"నిన్న నువ్వు కాగితం మడిచి సంచిలో పెట్టుకోవడం చూశాను."

"ట్రాక్టరు వాడికి ఫోను చేశారా?"

"నిన్ననే చేశాను."

"ఏమన్నాడు?"

"ఈ రోజు పొద్దున్నే వస్తానన్నాడు. కాకపోతే మళ్ళీ గురువారమే అన్నాడు. గురువారం రమ్మన్నాను."

"సగానికి సగం పోతుందండీ అప్పటికి."

"తెలుసు" అన్నారు. "ఎక్కు."

ఎక్కాను. మందిరం మలుపు తిరిగాక నాకు ఏడుపొచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు, ఏంటని అడగలేదు. స్కూటరు మాత్రం నెమ్మది చేసి, ఇంటి దాకా అలాగే నడిపారు.